ఫ్రీమాంట్ చూచి వచ్చిన ముచ్చట

(విడీ ఘర్కుల్ ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో మాట్లాడుమని సంఘమువారు అడిగినప్పుడు మేము వెనుకాడినాము. మేము ఉపన్యాసకులము కాము. మాలో ఒకరు నలభై ఏండ్లు పవర్‌లూముల మీద తువ్వాలలు నేసినవారు. ఒకరు పన్నెండో ఏట నుండి చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టినవారు. "అమెరికా పోయి నాలుగు నెలలుండి వచ్చినారు గదా, ఆ ఊరు ఎట్లున్నదో చెప్పండి, చాలు" అని వారు ధైర్యము చెప్పినారు. ఇద్దరము కలిసి పోయినాము, కలిసి చూచినాము, ఈ ప్రసంగమును కూడ రాత్రి అన్నము తిన్న తరువాత ఇద్దరము కలిసి అనుకొని వ్రాసినాము. కాబట్టి ఇందులో 'మేము' అన్నప్పుడెల్ల అది గొప్పకు అన్నమాట కాదు, ఇద్దరి మాట అని గ్రహించవలెను.

తిరిగి వచ్చిననాటి నుండి మన వీధిలో మమ్ము అడిగిన ప్రశ్న ఒక్కటే. "ఆ ఊరు మంచిదా, మన ఊరు మంచిదా?" నేతపని తెలిసినవారు పడుగు మంచిదా పేక మంచిదా అని అడుగరు. అయినను అడిగినవారిని ఊరక పంపరాదు. కాబట్టి చూచినది చూచినట్లు చెప్పెదము. తూకము మీరే వేయండి.

మా పెద్దకొడుకు ఇక్కడనే చదువుకొని, పుణెలో కొన్నేండ్లు పనిచేసి, అక్కడి నుండి కాలిఫోర్నియాకు పోయినాడు. ఉండేది ఫ్రీమాంట్ అను ఊరిలో. నిరుడు ఉగాది అయిన పది దినములకు మేము సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కినాము. బొంబాయి వరకు దారి మనకు తెలిసినదే. ఆ తరువాత ఒక రాత్రియా రెండు రాత్రులా అని లెక్క తెలియని ప్రయాణము. శ్రావణములో మన మార్కండేయ రథము కదలక ముందే తిరిగి వచ్చితిమి.

ఫ్రీమాంట్ శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి సుమారు 40 మైళ్ళ దూరములో, అక్కడి అఖాతమునకు తూర్పు గట్టున ఉన్నది. ఒక వైపు ఉప్పునీళ్ళు, ఒక వైపు కొండలు. అక్కడ వానలు చలికాలములో పడును. మేము దిగినప్పుడు కొండలు పచ్చగా ఉండెను. తిరిగి బయలుదేరునాటికి గడ్డి ఎండి అదే కొండలు జొన్నరొట్టె రంగుకు వచ్చినవి. 2020 జనాభా లెక్కల ప్రకారము ఊరిలో సుమారు 2,30,000 మంది ఉన్నారు. వారిలో సగానికి పైగా ఆసియా ఖండపు మూలములవారు. చీనావారు, పంజాబీలు, గుజరాతీలు, తమిళులు, మన తెలుగువారు ఒకే వీధిలో కాపురముందురు.

అంతటి ఊరు మొదటి నుండి ఒక్క ఊరు కాదట. 1956 జనవరిలో సెంటర్‌విల్, నైల్స్, ఇర్వింగ్టన్, మిషన్ శాన్ హోసే, వార్మ్ స్ప్రింగ్స్ అను అయిదు చిన్న ఊళ్ళు కలిసి ఒక్క పురపాలకముగా ఏర్పడినవి. అంతకు పూర్వము అది తోటల సీమ, పొలాల సీమ. ఇంకను పూర్వము ఓలోనీలనే ఆదివాసులది. 1797లో స్పెయిన్‌దేశపు మతగురువులు కట్టిన మిషన్ అక్కడ ఉన్నది. నైల్స్ అను భాగములో ఒకప్పుడు మూకీచిత్రముల స్టూడియో ఉండెడిది. 1915లో చార్లీ చాప్లిన్ అక్కడనే 'ది ట్రాంప్' చిత్రము తీసినాడు. చిరిగిన బూట్లతో, చేతికర్రతో ఒంటరిగా బాటవెంట నడిచి పోవు ఆ దేశదిమ్మరిని మీరందరు బొమ్మలలోనైన చూచియుందురు. పొట్ట చేతపట్టుకొని ఊళ్ళు దాటి వచ్చిన వంశముల వారము గనుక, మాకు అతడు పరాయివాడుగా తోచలేదు.

మేము కొత్తగా తెలిసికొన్న సంగతి ఇంకొకటి. అది కంప్యూటర్లవారి ఊరని మాత్రమే మేము అనుకొంటిమి. కాని దానిని పెంచినదానిలో కార్ఖానాకును వంతు ఉన్నది. 1963లో జనరల్ మోటార్స్ కంపెనీ అక్కడ మోటారుకార్ల కార్ఖానా తెరిచినది. 1982లో అది మూతపడినది. 1984 నుండి జపానుదేశపు టొయోటా కంపెనీతో పొత్తు కలిసి మరల నడిపి, 2010లో మరల ఆపినారు. ఆ సంవత్సరమే టెస్లా కంపెనీ దానిని కొని, తరువాత విద్యుత్తు కార్లు చేయ మొదలుపెట్టినది. మా కొడుకు ఒకనాడు ఆ గోడ ప్రక్కగా కారు నడుపుతూ ఈ కథ చెప్పినప్పుడు మాకు మన జునీ మిల్లు జ్ఞాపకము వచ్చినది. భోంగా మ్రోగినంత కాలము ఊరంతా దానితో లేచి, దానితో పండుకొన్నది. భోంగా ఆగిన దినము ఎన్ని పొయ్యిలు చల్లబడినవో ఇక్కడి ముసలివారికి తెలుసును. కార్ఖానా మూతపడుట అక్కడను ఉన్నది, ఇక్కడను ఉన్నది. అక్కడ ఆ గోడల మధ్యకే మరియొక పని వచ్చినది. ఇక్కడ మన పని పెద్ద గిరణి విడిచి పవర్‌లూముల షెడ్లకు, ఇండ్ల వాకిళ్ళలోని చాటలకు చెదిరిపోయినది.

ఇక సంసారులకు ఆ ఊరు ఎట్లున్నది అను మాట. పిల్లలున్నవారికి మంచి ఊరని అక్కడివారు దానిని ఏరి కోరి చేరుకొందురు. మేము చూచిన మూడు మంచి సంగతులు చెప్పెదము.

ఒకటి, బడికి పోవు పిల్లకు ఇచ్చు మర్యాద. ఉదయము బడి దగ్గర రోడ్డు దాటించుటకు ఒక ముసలి మనిషి చేతిలో 'స్టాప్' అని వ్రాసిన పలక పట్టుకొని నిలుచును. ఆయన పలక ఎత్తినచో ఎంత పెద్ద కారైనను ఆగవలసినదే. హారను మ్రోగదు, ఎవరును తొందర పెట్టరు. ఏడేండ్ల పిల్ల సంచి సర్దుకొంటూ నెమ్మదిగా దాటుచుండగా పది కార్లు ఓపికతో నిలిచియుండుట చూచి, హైదరాబాదు రోడ్డు దాటు మన పిల్లలు మా కన్నుల ముందు మెదిలినారు.

రెండవది, గ్రంథాలయము. మా మనుమరాలు వారానికొకసారి మమ్ము అక్కడికి తీసికొనిపోయినది. పైసా లేకుండ సంచినిండ పుస్తకములు ఇంటికి తెచ్చుకొనవచ్చును. పిల్లల కొరకు చిన్న కుర్చీలు, చిన్న బల్లలు. చీనా అవ్వ ఒకామె ప్రక్క బల్ల వద్ద తన మనుమనికి తన భాష పుస్తకము చదివి వినిపించుచుండెను.

మూడవది, చెరువు. ఊరి నడుమ పెద్ద ఉద్యానవనము, అందులో ఎలిజబెత్ సరస్సు. చుట్టు తిరుగుటకు చక్కని బాట. సాయంత్రమైతే మనవంటి ముసలివారు, పంజాబీ తలపాగాలవారు, చీరలవారు, బండ్లలో పసిపిల్లలను త్రోయువారు అందరును అక్కడనే. పెద్ద పెద్ద బాతులు మనుష్యులకు భయపడక దారికి అడ్డముగా నడుచును. వాటికి కూడ కార్లు ఆగును.

ఈ మూడింటికిని పన్ను కట్టినది ఆ ఊరివారే. ఊరికే వచ్చినవి కావు. అక్కడ సామాన్యమైన ఇంటి వెల పది లక్షల డాలర్లు దాటును. మా కొడుకు, కోడలు ఇద్దరు పనిచేసినగాని కంతు తీరదు. ఇద్దరు పనికి పోవుదురు, పిల్ల బడికి పోవును, పగలంతా ఆ మంచి ఇంటిలో ఉండువారు లేరు.

మేము చేరిన రెండవ వారము జరిగిన సంగతి చెప్పెదము. పగలు ఇంట్లో తోచక ఇద్దరము నడువ బయలుదేరినాము. ఇండ్లన్నియు ఒకే తీరు. అదే పెంకు, అదే గోడ రంగు, అదే గడ్డి. రెండు మలుపులు తిరిగినాక మా ఇల్లు ఏదో తెలియలేదు. ఫోను ఇంట్లోనే మరచినాము. గంటసేపు తిరిగినాము. తలుపులన్నియు మూసియున్నవి. అడుగుదమనిన బయట మనిషి లేడు. కార్లు వచ్చినవి, గరాజు తలుపు దానంతట అది లేచినది, కారు లోపలికి పోయినది, తలుపు దిగినది. ఆ మంచి ఊరిలో, ఆ చల్లని పగటిపూట, మాకు చెమటలు పోసినవి. చివరకు ఒక సర్దార్జీ తాత చేతికర్రతో వచ్చుచు మమ్ము చూచి, హిందీలో "ఎవరింటికి పోవలె?" అని అడిగినాడు. కొడుకు పేరు చెప్పినాము. ఆయనకు తెలియదు. మనుమరాలి బడి పేరు చెప్పినాము. ఆ ఆనవాలు పట్టుకొని మమ్ము ఇల్లు చేర్చినాడు. తానును మొదటి నెలలో ఇట్లే తప్పిపోయినానని నవ్వినాడు.

ఆ రాత్రి మేము మన విడీ ఘర్కుల్ గూర్చి మాట్లాడుకొన్నాము. మన ఇండ్లును వరుసలే గదా, ఒకే తీరు గదా. మేము ఇక్కడికి వచ్చిన కొత్తలో పిల్లలు సందులు తప్పెడివారు. కాని తప్పిన పిల్లవాడు నాలుగు అడుగులు వేయక ముందే వాకిట చాట పెట్టుకొని కూర్చున్న ఎవరో ఒక అవ్వ తల ఎత్తి "ఎవరి పోరడివిరా?" అని అడిగెడిది. తల్లి పేరు చెప్పిన చాలు, ఏ వరుసలో ఎన్నవ ఇల్లో చేయి చూపించెడిది. చేతిలో ఆకు, కత్తెర, దారము ఆగకుండనే చూపించెడిది.

ఈ ఊరు ఎట్లు పుట్టినదో మన పిల్లలకు ఒకసారి చెప్పవలెను. మన పెద్దలు కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు జిల్లాల నుండి మగ్గము విడిచి, గిరణీ పనికి షోలాపూరు వచ్చినారు. పేటలలో, చాళ్ళలో, ఒక గదిలో రెండు సంసారములుగా బ్రతికినారు. మగవారు నేసినారు, ఆడవారు బీడీలు చుట్టినారు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. పండుకొనుచోటనే తంబాకు, వండుచోటనే తంబాకు, ఊయలలోని పసిపిల్ల ఊపిరిలోను తంబాకే. అట్టి కార్మికురాండ్రకు సొంత ఇల్లు కావలెనని అడిగి, మోర్చాలు తీసి, సాధించుకొన్న పేరే ఘర్కుల్. ఆ మరాఠీ మాటకు చిన్న ఇల్లు, గూడు అని అర్థము. హైదరాబాదు రోడ్డు మీది మన పాత ఘర్కుల్ తరువాత, నర్సయ్య ఆడం మాస్టరుగారి నాయకత్వమున కుంభారి వద్ద బీడీ కార్మికురాండ్రకు 10,000 ఇండ్లు లేచినవి. వాటికి గోదూతాయి పరుళేకర్ పేరు పెట్టినారు. ఖర్చులో ఒక వంతు కేంద్రము, ఒక వంతు రాష్ట్రము, ఒక వంతు కార్మికురాలు పెట్టుకొన్నారు. 2006లో ప్రధానమంత్రి మన్‌మోహన్ సింగ్ వచ్చి వాటిని అప్పగించినారు. ఆ దగ్గరనే రేనగర్‌లో నేతపనివారు, బీడీవారు, బండ్ల మీద అమ్ముకొనువారు మొదలగు అసంఘటిత కార్మికుల కొరకు 30,000 ఇండ్ల పథకము సాగినది. అందులో 15,000 ఇండ్లను 2024 జనవరి 19న ప్రధానమంత్రి నరేంద్ర మోడీ అప్పగించినారు. అయిదు ఊళ్ళు కలిసి ఫ్రీమాంట్ అయినట్లే, ఈ తూర్పు వైపున కూడ ఒక ఊరు లేచినది. చేతులు అరిగినవారు లేపినారు.

మా ఇంటి కాగితము మాలో ఇల్లాలి పేరనే ఉన్నది. బీడీ కార్డు ఆమెది గనుక ఇల్లును ఆమెది. ఆ దినము కాగితము మీద ఆమె సంతకము చేయలేదు. బొటనవేలి ముద్ర వేసినది. ఈ మాట ఇక్కడ ఎందుకు చెప్పినామో తరువాత తెలియును.

ఫ్రీమాంట్‌లో తెలుగువారు మమ్ము భోజనములకు పిలిచినారు. ఏ ఊరని అడిగితే షోలాపూరన్నాము. "అది మహారాష్ట్రము గదా, మీకు తెలుగెట్లా వచ్చింది?" అని ఒకాయన ఆశ్చర్యపడినాడు. మాకు నవ్వు వచ్చినది. "మాకు రాలేదు సారూ, మాతోనే వచ్చింది" అన్నాము. కూర వడ్డించునప్పుడు మేము 'బటాటా' అంటే వారు నవ్వినారు. వారి పిల్ల 'పొటాటో' అంటే మేము నవ్వినాము. వలస పోయిన ప్రతివాని తెలుగులోను ఆ ఊరి ఉప్పు కొంత కలియును. అందులో సిగ్గుపడవలసినది లేదు.

కాని ఒక విషయములో వారు మనకన్న ముందున్నారు. అది చెప్పుటకే ఈ ప్రసంగము.

అక్కడి తెలుగు పిల్లలకు చుట్టు వినిపించునది ఇంగ్లీషు. ఇంటిలో తల్లిదండ్రులు మాట్లాడు నాలుగు మాటలే తెలుగు. ఈ సంగతి తెలిసి, అక్కడివారు సిలికానాంధ్ర మనబడి అను తెలుగు బడిని 2007లో మొదలుపెట్టినారు. వారాంతములో తరగతులు. చెప్పువారు జీతము తీసికొను పంతుళ్ళు కారు. వారమంతా ఉద్యోగము చేసి అలసిన తల్లిదండ్రులే, సెలవుదినమున పలక పట్టుదురు. అ ఆ ల నుండి మొదలు పెట్టి, కొన్నేండ్లకు పిల్లలు పుస్తకము చదివి, ఉత్తరము వ్రాయు వరకు తెచ్చెదరు. మా మనుమరాలికి తొమ్మిదేండ్లు. ఆమె తెలుగు మాట్లాడితే మనకు నవ్వు వచ్చును. 'ళ' పలుకదు, 'నేను పోతున్నది' అనును. కాని తెలుగు అచ్చు ఏది ముందు పెట్టినను గుక్క తిప్పుకొనక చదువును.

ఒకనాడు చెరువు గట్టున బల్ల మీద కూర్చొని ఆ పిల్ల ఇంటిపని వ్రాసికొనుచుండెను. "అవ్వా, ఇది ఏమిటో చదువు" అని పుస్తకము చాపినది. అవ్వ నవ్వి ఊరకున్నది. పిల్ల మరల అడిగినది. "నాకు రాదు బిడ్డా" అన్నది అవ్వ. ఆ పిల్లకు నమ్మకము కలుగలేదు. తనకన్న ఇంత చక్కగా మాట్లాడు మనిషికి చదువ రాదనుట ఆమె ఎరుగదు. వేళాకోళమనుకొన్నది. నిజమని తెలిసిన తరువాత ఏమియు అనక పెన్సిలు అవ్వ చేతిలో పెట్టి, చేయి పట్టుకొని 'అ' దిద్దించినది. యాభై ఏండ్లు వెయ్యికి వెయ్యి లెక్కగా ఆకు చుట్టిన వ్రేళ్ళు పెన్సిలు పట్టలేక వణికినవి. మేము వచ్చు లోపల అచ్చులన్నియు, హల్లులలో సగమును వచ్చినవి. తన పేరు మాత్రము గట్టిగా నేర్చుకొన్నది.

బయలుదేరు ముందటి రాత్రి కొడుకు అడిగినాడు. "ఇక్కడనే ఉండిపోరాదా? అక్కడ నీళ్ళు రోజు రావు, ఎండకు ఉండలేరు. అక్కడ ఏమున్నది?" మేము కొంతసేపు మాట్లాడలేదు. వాడన్నది అబద్ధము కాదు. చివరకు అన్నాము, "ఎవరింటికి అని అడిగేవాళ్ళున్నారు బిడ్డా." వాడు మరి రెట్టించలేదు. వాడును ఈ సందులలో పెరిగినవాడే.

మేము వచ్చిన రెండు నెలలకు మనుమరాలి నుండి ఉత్తరము వచ్చినది. మా చిన్నకొడుకు కొడుకుకు వ్రాసినది. వాడికి పదేండ్లు, ఇక్కడ మరాఠీ బడిలో చదువుతున్నాడు. ఉత్తరములో ఎక్కువ లేదు. చెరువులో బాతులు పిల్లలను పెట్టినవని, నువ్వు వస్తే చూపిస్తానని, నువ్వు కూడ నాకు ఉత్తరము వ్రాయమని, అంతే. తెలుగులో, గుండ్రని అక్షరములతో. మన పిల్లవాడు దానిని ఇటు తిప్పి అటు తిప్పి చూచి "తాతా, ఏం రాసిందో నువ్వే చదివి చెప్పు" అన్నాడు.

సోదర సోదరీమణులారా, ఆ క్షణము మాకు మాట పెగలలేదు. వీడు రోజంతా తెలుగే మాట్లాడును. తెలుగులోనే అలుగును, తెలుగులోనే కొట్లాడును, నిద్రలో కలవరించినను తెలుగే. ఏడుసముద్రాల అవతల పుట్టిన పిల్ల వ్రాసిన తెలుగు వీడు చదువలేడు.

వాడు జవాబు వ్రాసినాడు. తెలుగు మాటలనే మరాఠీ అక్షరములతో వ్రాసినాడు. "చెల్లె, బాతులు నాకు కూడ చూడాలని ఉంది" అని. ఆ ఉత్తరము అక్కడికి చేరినది. పిల్ల దానిని చదువలేక తండ్రి చేతికి ఇచ్చినదట. ఈ దేశములో పుట్టి మరాఠీ చదివినవాడు గనుక వాడు చదివి వినిపించినాడు. అన్నకు నోరున్నది, చెల్లెకు అక్షరమున్నది. ఇద్దరి నడుమ మేము ముసలివారము అంచెగా నిలుచున్నాము. మేము పోయిన తరువాత ఈ ఇద్దరు ఏ భాషలో మాట్లాడుకొందురు? మా ఇంటి సంగతి చెప్పుచున్నాము గాని, ఇది మీ ఇండ్లలో లేదా? పుణె, హైదరాబాదు, బొంబాయి, దుబాయి పోయిన పిల్లలు ఎవరింట లేరు? ఈ సంచికను తెలుగులో అచ్చువేస్తున్నాము. ఇంటికి తీసికొనిపోయిన తరువాత దానిని చదువగల పిల్లలు మన వరుసకు ఎందరో, ఒక్కసారి వ్రేళ్ళ మీద లెక్కించి చూడండి.

ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. మరాఠీ వద్దని మేము అనుటలేదు. మరాఠీ మనకు అన్నము పెట్టిన భాష, మన పిల్లల బడి భాష. ఈ ఉదయము మన ప్రక్క ఇండ్లవారు గుడి ఎత్తినారు, మనము పచ్చడి చేసినాము. వారి గుడి మీది వేపరెమ్మయు, మన పచ్చడిలోని వేపపువ్వును ఒకే చెట్టువి. వారు మన పచ్చడి తిన్నారు, మనము వారి పూరణ్‌పోళీ తిన్నాము. రెండు అక్షరమాలలు నేర్చిన పిల్లవాడు ఒకటి పోగొట్టుకొనడు. మనుమరాలు ఇంగ్లీషులో వెనుకబడలేదు, తెలుగు నేర్చినందుకు.

కాబట్టి మా మనవి ఇది. ఊరిని కట్టువారు ఇండ్లు కట్టి ఇత్తురు. కాపురమునకు తగిన ఊరుగా చేసికొనుట కాపురమున్నవారి పని. అక్కడివారు అన్ని సౌకర్యములు ఉండియు, పిల్లల నోటిలోని భాష జారిపోవుచున్నదని గుర్తించి బడి పెట్టుకొన్నారు. మనకు నోటిలో భాష నిలిచియున్నదను ధీమాతో అక్షరము జారిపోవుట గమనించలేదు. వారిలో ఎవరికైనను ఇంతమంది అవ్వలు, తాతలు, వీధినిండ తెలుగు మాట దొరికినచో ఎంత సంతోషింతురు! మనకు పంట అంతయు ఇంటిలోనే ఉన్నది, గింజలు ఎత్తి గాదెలో పోయుటయే మిగిలినది.

వచ్చే ఆదివారము నుండి ఉదయము తొమ్మిది గంటల మొదలు పదకొండు గంటల వరకు మన వరుసలలో ఎక్కడనో ఒక చోట తెలుగు అక్షరములు నేర్పుదము. చోటు దొరకనిచో మా వాకిలి ఉన్నది. రుసుము లేదు. పలక, బలపము తెచ్చుకొనిన చాలు. చదువ వచ్చిన పెద్దలు, నెలకు ఒక్క ఆదివారము ఇచ్చినను మాకు నలుగురు పంతుళ్ళు సరిపోవుదురు. 'నాకు అంత బాగా రాదు' అని వెనుకాడవద్దు. వచ్చినంతే నేర్పండి. బడికి పోయిన ఆడపిల్లలు, తల్లులకు కూడ నేర్పండి. చుట్టుపని ఆదివారము రెండు గంటలు ఆగినచో ఎన్ని బీడీలు తగ్గునో మాకు తెలియనిది కాదు. ఆ లెక్క యాభై ఏండ్లు వేసినవారము. అయినను అడుగుచున్నాము.

మొదటి విద్యార్థులు ఇప్పటికే ఇద్దరున్నారు. ఇద్దరును మా ఇంటివారే. ఒకరికి పదేండ్లు, ఒకరికి అరవైరెండు. మనుమరాలు పంపిన వాచకము ముందు పెట్టుకొని రాత్రిపూట ఇద్దరును పోటీ పడుచున్నారు. మనుమడు చురుకైనవాడు, గుణింతము వరకు వచ్చినాడు. అవ్వ ఇంకను హల్లుల వద్దనే ఉన్నది. కాని మొన్న బ్యాంకులో కాగితము మీద ముద్ర వేయుమని సిరా డబ్బీ ముందుకు జరిపినప్పుడు, ఆమె దానిని ప్రక్కకు జరిపి, పెన్ను అడిగి పుచ్చుకొన్నది. వెనుక వరుసలో నిలిచినవారు కొంచెము తొందరపడినారు. ఆమె తొందరపడలేదు. తన పేరు మొత్తము వ్రాసిన తరువాతనే పెన్ను తిరిగి ఇచ్చినది.

వచ్చే ఆదివారము తొమ్మిది గంటలకు మీకొరకు ఎదురుచూచుచుందుము. మా ఇల్లు తెలియనివారు ఏ వాకిట అడిగినను చూపుదురు.